క్రయధనం సరే, అది ఎవరికి ముట్టింది?

కొల్లేటి_కొంగ
మంచి శుక్రవారం నాడు మా గుడిలో పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటలకూ ఏడుగురు మాట్లాడతారు. ఈసారి నాలుగో మాట నాకు అప్పగించారు: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." మనిషికి పది నిమిషాలు.

రాసుకుంటూ కూర్చుంటే మా మేనమామ వచ్చి భుజం మీదుగా చదివాడు. ఆయన దేవుణ్ణి నమ్మడు. అత్తయ్య పోరు పడలేక ఏడాదికి రెండుసార్లు గుడికి వస్తాడు. మార్కు సువార్త పదో అధ్యాయం నుంచి నేను రాసుకున్న "విమోచన క్రయధనము" అన్న మాట మీద వేలు పెట్టాడు. "క్రయధనం అంటే కొన్నవాడు అమ్మినవాడికి ఇచ్చే సొమ్ము. ఇచ్చింది మీ క్రీస్తు. పుచ్చుకున్నది ఎవరు? సాతాను అయితే దేవుడు వాడికి బాకీ పడ్డాడా? దేవుడే అయితే కుడి జేబులోది తీసి ఎడమ జేబులో వేసుకున్నట్టు కాదా?" అన్నాడు.

చిన్నప్పటి నుంచి పాటల్లో పాడుతున్న మాట. ఎన్నడూ ఆగి అడగలేదు. సంఘంలో ఒక పెద్దాయనను అడిగితే "అలాంటివి తవ్వకూడదు" అన్నారు. తవ్వుదామనే ఇక్కడికి వచ్చాను. పది రోజులే ఉంది.

నాస్తిక_నంది
ముందు మీ మామయ్యగారిని ఇక్కడ సభ్యుడిగా చేర్చండి. మిగతాది మేం చూసుకుంటాం.

దస్తావేజు_లేఖరి
ముప్పై ఒక్క ఏళ్లుగా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్నాను. కాబట్టి ఈ ప్రశ్న నాదే అనుకుని చెబుతున్నాను.

క్రయ దస్తావేజులో ప్రాణం లాంటి వాక్యం ఒకటి ఉంటుంది: "సదరు క్రయధనం యావత్తూ మీ వల్ల నాకు ముట్టినది." హద్దులు, సర్వే నంబరు అన్నీ సరిగ్గా ఉన్నా ఆ వాక్యం లేకపోతే నేను సంతకానికి పంపను. మీరు చెప్పిన వచనం ఇప్పుడే మళ్లీ తీసి చూశాను. ఇచ్చినవాడి పేరు ఉంది. ఎవరికి ప్రతిగా ఇచ్చాడో ఉంది, "అనేకులకు ప్రతిగా" అని. ముట్టినదని ఒప్పుకున్నవాడు మాత్రం ఎక్కడా లేడు. మార్కు మరిచిపోయి ఉంటాడని నేను అనుకోను. అది అసలు క్రయ దస్తావేజు కాదేమో.

రాజమండ్రి_రేవు
సంతకం ఉంది కదండీ. యోహాను సువార్తలో "సమాప్తమైనది". గ్రీకులో తెతెలెస్తాయ్. ఆ రోజుల్లో పన్ను రసీదుల మీద "పూర్తిగా చెల్లించడమైనది" అని ఇదే మాట రాసేవారు. మా కూటాల్లో ఎన్నిసార్లు విన్నానో.

హెబ్రీ_విద్యార్థి
రేవు గారూ, నేనూ విన్నాను, ఒకసారి నేనే ప్రసంగంలో వాడాను కూడా, సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. ఈజిప్టులో దొరికిన సుంకం రసీదుల మీద ఉన్నది పూర్తి మాట కాదు, మొదటి కొన్ని అక్షరాల సంక్షిప్తం. దాన్ని "సుంకం కట్టడమైనది" అనే వేరే క్రియగా విప్పాలని తర్వాతి పండితులు చూపించారు. యోహాను వాడిన క్రియకు అర్థం ముగించడం, నెరవేర్చడం. మన తెలుగు అనువాదం "సమాప్తమైనది" అన్నదే నయం.

కొంగ గారి ప్రశ్నకు వస్తే, ఇది మీ మామయ్యగారికి కొత్తగా తట్టినది కాదు. మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు ఇదే అడిగి, సాతానుకే ముట్టిందన్నాడు. నాలుగో శతాబ్దంలో నుస్సాకు చెందిన గ్రెగరీ ఇంకో అడుగు వేశాడు. క్రీస్తు శరీరం ఎర, లోపల దాగిన దైవత్వం గాలం, సాతాను ఎరను మింగి గాలానికి చిక్కాడు అన్నాడు. అదే కాలానికి చెందిన నజియాంజుసు గ్రెగరీకి ఒళ్లు మండింది. దొంగకు క్రయధనమా, ఎంత సిగ్గుచేటు అన్నాడు. పోనీ తండ్రికే అంటారా, అబ్రాహాము ఇస్సాకును అర్పించబోతే వద్దని పొట్టేలును ఇచ్చిన తండ్రి, తన కుమారుడి రక్తం కోరుతాడా అని అడిగాడు. అంటే మీ మామయ్యగారి రెండు జేబుల ప్రశ్నా వేసింది ఒక బిషప్పే.

కొల్లేటి_కొంగ
మామయ్యకు చదివి వినిపించాను. "అయితే నేను కూడా బిషప్పునే" అని మీసం దువ్వుకుంటున్నాడు. గాలం కథ మా ఊళ్లో చెబితే, ఏ చేప, ఎన్ని కిలోలు అని అడుగుతారు.

గుణదల_మెట్లు
మా వైపు (కతోలిక) పాఠశాలలో నేర్పింది అన్సెల్ము అనే ఆర్చిబిషప్పు వివరణ. 1098 నాటిది. ఆయన కాలపు దొరల లోకంలో తప్పు అంటే దొర గౌరవానికి లోటు. ఆ లోటు పూడ్చాల్సింది మనిషి, పూడ్చగలిగింది దేవుడే. అందుకే దేవుడు మనిషయ్యాడు. ఇందులో సాతానుకు పైసా ముట్టదు. తర్వాత అబెలార్డు అనే పండితుడు వచ్చి, లెక్కలు వదిలేయండి, అంత ప్రేమను చూసి మన గుండె కరగడమే విమోచన అన్నాడు.

హెబ్రీ_విద్యార్థి
ఆ తర్వాత ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విను. ఆయన దాన్ని న్యాయస్థానంలోకి తెచ్చాడు. శిక్ష మనకు పడాల్సింది, ఆయన మీద పడింది. తెలుగు ప్రొటెస్టెంటు ప్రసంగాల్లో తొంభై పాళ్లు వినిపించేది ఇదే.

దస్తావేజు_లేఖరి
కాల్విను చదివింది న్యాయశాస్త్రమేనట కదా. వకీలు చదువు చదివినవాడికి ఆకాశంలో కూడా బోను, బల్ల కనబడతాయి. నాకు దస్తావేజులు కనబడినట్టు.

నాస్తిక_నంది
సరదా పక్కన పెడదాం. ఒకడు చేసిన నేరానికి నిర్దోషిని శిక్షిస్తే మన మండల కోర్టు కూడా ఒప్పుకోదు. అతను ఇష్టపడి వచ్చినా ఒప్పుకోదు. మీ గ్రంథంలోనే యెహెజ్కేలు 18లో తండ్రి దోషం కొడుకు మోయడని ఉంది. మరి ఇక్కడ మాత్రం ఎలా మోశాడు?

వేపచెట్టు
మోయవచ్చు. శిక్షను మోయడం వేరు, బాకీని మోయడం వేరు. మా నాన్న ఒక సహోద్యోగి అప్పుకు జామీను ఉన్నాడు. ఆ మనిషి రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయాడు. మా రెండెకరాలు పోయాయి. ఏ కోర్టూ "మీరు నిర్దోషి, కట్టనక్కర్లేదు" అనలేదు. నంది గారూ, ఇష్టపడి సంతకం పెట్టిన నిర్దోషి దగ్గర చట్టం రోజూ వసూలు చేస్తూనే ఉంది.

హెబ్రీ_విద్యార్థి
హెబ్రీయులకు రాసిన పత్రిక ఏడో అధ్యాయం పాత తెలుగు అనువాదంలో ఆ మాటే ఉంది, వేపచెట్టు గారూ. యేసు శ్రేష్ఠమైన నిబంధనకు "పూటకాపాయెను". పూటకాపు అంటే జామీనుదారే. ఇప్పుడు ఆ మాట ఎవరికీ తెలియక పూట భోజనం పెట్టేవాడు అనుకుంటున్నారు.

రాజమండ్రి_రేవు
నేను కాపలావాడు అనుకున్నాను ఇన్నాళ్లూ.

దస్తావేజు_లేఖరి
సామెతల గ్రంథం మాత్రం ఎవరికీ పూట పడవద్దని ఒకటికి నాలుగుసార్లు హెచ్చరిస్తుంది. మా బల్ల దగ్గర రాసి పెట్టుకోవాల్సిన మాట అది. తెలిసి తెలిసి పడ్డాడన్నమాట.

పాలమూరు_పిల్ల
మీరంతా సిద్ధాంతాలు మాట్లాడుతున్నారు. నాకు యెషయా ప్రవక్త గ్రంథం 53వ అధ్యాయం వినబడితే ఒళ్లు జలదరిస్తుంది, అదీ మంచి అర్థంలో కాదు. అమ్మకు మూత్రపిండాలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ నడుస్తున్నప్పుడు ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్లాం. వేదిక మీద ఉన్నాయన "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అని మూడుసార్లు చెప్పించి, ఇంకా నయం కాలేదంటే మీలో విశ్వాసం కొరత అన్నాడు. అమ్మ ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. అడిగితే "వేసుకుంటే నమ్మనట్టు అవుతుందేమో" అంది. రెండేళ్ల తర్వాత పోయింది. చివరి వారంలో కూడా తన తప్పు ఏమిటో వెతుక్కుంటూనే ఉంది.

కొల్లేటి_కొంగ
అక్కా, ఏం చెప్పాలో తెలియడం లేదు. అమ్మ తప్పేమీ లేదు.

నాస్తిక_నంది
వెక్కిరించడానికి రాలేదు, ఈ ఒక్కసారికి. మీ అమ్మగారికి అలా చెప్పినవాడిది ఏ మతమైనా పాపమే.

హెబ్రీ_విద్యార్థి
పాలమూరు గారూ, ఆ వచనాన్ని కొత్త నిబంధన ఎలా చదివిందో చెబుతాను, మీ కోపం న్యాయమైనదని దానితోనే తేలుతుంది. మత్తయి ఎనిమిదో అధ్యాయం యెషయా 53లోని "మన రోగములను భరించెను" అన్న మాట ఎత్తుకున్నది యేసు పేతురు అత్తగారి జ్వరం దించిన రోజు సాయంత్రం గురించి. అక్కడ ఎవరి విశ్వాసాన్నీ కొలవలేదు. పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయం "దెబ్బలచేత స్వస్థత" అన్న మాట తీసుకుని పాపం నుంచి తిరిగి రావడానికి వాడింది. అది చెప్పింది ఎవరితో? కాస్త పైన "పనివారలారా" అని మొదలవుతుంది. గ్రీకులో ఉన్నది ఇంటి బానిసలు. అన్యాయంగా తన్నులు తింటున్న బానిసలతో, మీకంటే ముందు ఆయన ఆ దెబ్బలు తిన్నాడు అని చెప్పిన మాట. దెబ్బలు తిన్నవాళ్లకు తోడుగా ఇచ్చిన వచనాన్ని తెచ్చి జబ్బు మనిషిని కొట్టడానికి వాడుతున్నారు.

పాలమూరు_పిల్ల
బానిసలతో చెప్పిందని నాకు ఎవరూ చెప్పలేదు. పేజీ తీసి చూశాను. ఉంది.

డల్లాస్_బావ
మా పక్కింటివాళ్లు యూదులు. వాళ్ల అబ్బాయితో ఒకసారి యెషయా 53 గురించి మాట పెరిగింది. అది మెస్సీయ (రావలసిన అభిషిక్తుడు) గురించి కాదు, మా జాతి గురించి, మీరు మా గ్రంథం తీసుకుని మీ అర్థం అంటించారు అన్నాడు. నేనేమో రాషీ అనే పండితుడు పదకొండో శతాబ్దంలో క్రైస్తవులకు పోటీగా ఆ వ్యాఖ్యానం కల్పించాడని యూట్యూబులో విన్నదే చెప్పాను. ఆ రోజు నుంచి వాళ్లు మాకు రొట్టె పంపడం మానేశారు.

హెబ్రీ_విద్యార్థి
రొట్టె పోవడం న్యాయమే బావగారూ. రాషీ 1040లో పుట్టాడు. ఆ అధ్యాయంలో బాధపడే సేవకుడు అంటే ఇశ్రాయేలు జాతి అన్న వివరణను ఓరిగెన్ 248 ప్రాంతంలోనే తాను యూదుల నోట విన్నట్టు రాశాడు. రాషీ కల్పించాడనడం కుదరదు. పైగా యెషయాలోనే చాలాచోట్ల "నా సేవకుడవైన ఇశ్రాయేలూ" అని పేరు పెట్టి పిలుపు ఉంది.

అలాగని యూదులు మెస్సీయ బాధను ఎరగరనీ కాదు. యూదుల ధర్మ గ్రంథం తల్ముదులో సన్హెడ్రిన్ అనే భాగంలో ఒక కథ ఉంది. మెస్సీయ ఎక్కడ అని ఒక రబ్బీ (యూదు గురువు) ఏలీయా ప్రవక్తను అడిగితే, రోము నగర ద్వారం దగ్గర రోగులైన బీదల మధ్య కూర్చున్నాడు అంటాడు. గుర్తు పట్టడం ఎలా? మిగతా రోగులు పుండ్ల కట్లన్నీ ఒకేసారి విప్పి, ఒకేసారి మళ్లీ కట్టుకుంటారు. ఆయన మాత్రం ఒకటి విప్పి, అది కట్టాకనే రెండోది విప్పుతాడు. పిలుపు వస్తే ఆలస్యం కాకూడదని.

గుణదల_మెట్లు
ఈ కథ నాకు తెలియదు. ఒక్కో కట్టు విప్పుకుంటూ కూర్చున్న మెస్సీయ. ఇవాళ ఇక ఏ పనీ సాగేలా లేదు.

రాజమండ్రి_రేవు
కానీ ఏడు వందల ఏళ్ల ముందే రాసిన ప్రవచనం అంత అచ్చంగా సరిపోవడం? మౌనంగా వధకు పోవడం, ధనవంతుడితో సమాధి. ఇది కూడా కాదంటారా?

హెబ్రీ_విద్యార్థి
కాదనడం లేదు, నేనూ క్రైస్తవుణ్ణే. ఏడు వందలా, ఐదు వందల చిల్లరా అన్నది వేరే గొడవ. 40 నుంచి 55 దాకా అధ్యాయాలు బబులోను చెర కాలానివని చాలామంది పండితుల మాట. అయినా 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట క్రీస్తుకు నూరేళ్లకు పైగా ముందు రాసిన ప్రతి. ఈ అధ్యాయం అందులో ఉంది. కాబట్టి క్రైస్తవులు తర్వాత చేర్చారనే మాట మాత్రం చెల్లదు.

మిగిలేది ఎవరి గురించి అన్న ప్రశ్న. అపొస్తలుల కార్యాలు ఎనిమిదిలో ఐతియొపీయుడు రథం మీద ఇదే అధ్యాయం చదువుతూ ఫిలిప్పును అడిగిందీ అదే: ప్రవక్త ఎవరి గురించి చెబుతున్నాడు, తన గురించా, వేరొకరి గురించా? చదివే మనిషికి అది తేలికగా తెలిసిపోయే విషయమైతే ఆయన అడిగేవాడు కాదు. శిష్యులకు కూడా సిలువ తర్వాతే వెలిగింది. మెస్సీయ బాధపడాలని యేసు చెబితే పేతురు పక్కకు లాగి గద్దించాడు కదా. అభిషిక్తుడు అంటే వాళ్లకు దావీదు వంటి రాజు, రోమా వాళ్లను తరిమేవాడు. రోమా వాళ్ల చేతిలో బానిసల చావు చచ్చేవాడు కాదు.

వేపచెట్టు
ఇన్ని వ్యాఖ్యానాల్లో మా ఇంట్లో చదివిన చదువు రాలేదు, అందుకే మళ్లీ వచ్చాను. మాది ఒంగోలు వైపు. 1876-78 కరువులో మా ముత్తాత తండ్రి బకింగ్‌హాం కాలువ తవ్వే పనికి వెళ్లాడని ఇంట్లో చెప్పుకుంటారు. మిషనరీ క్లౌ దొర ఆ కాలువలో కొంత భాగం గుత్తకు తీసుకుని కరువు జనానికి పని ఇచ్చాడు. సాయంత్రం తట్టలు దించాక "ప్రయాసపడి భారము మోయుచున్న సమస్త జనులారా" అన్న వచనం చెప్పేవారట. పొద్దున్నుంచి తల మీద మట్టి మోసిన మనిషికి ఆ మాటకు వ్యాఖ్యానం ఏం కావాలి?

యెషయా 53లో మా నాయనమ్మ వేలు పెట్టి చదివించిన మాట దెబ్బలు కాదు, "మనుష్యులు చూడనొల్లనివాడు". ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాళ్లు ఆమెకు బాగా తెలుసు. దేవుడు కూడా ఆ వరసలోనే నిలబడ్డాడని తెలిశాక, క్రయధనం ఎవరికి ముట్టిందని ఆమె ఎన్నడూ అడగలేదు. 1980లలో అరవింద్ నిర్మల్ దళిత వేదాంతం రాస్తూ, మా దేవుడు సేవకుడైన దేవుడు అని ఇదే అధ్యాయాన్ని ఎత్తి చూపాడు. నాయనమ్మ ఆయన్ని చదవలేదు.

సంధానకర్త
"బియ్యం కోసం మారినవాళ్లు" అని వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. విషయం మీద ఉండండి.

వేపచెట్టు
నేను చదివాను, తీయకముందే. జవాబు ఒక్కటే. కాలువ పని, కరువు సాయం సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. అవి ముగిశాకే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది తీసుకున్నారు. బియ్యం కోసమైతే బియ్యం ఉన్నప్పుడే వచ్చేవాళ్లు.

దస్తావేజు_లేఖరి
రాత్రంతా ఇదే ఆలోచన. పొద్దున లేచి యెషయా 52 చదివాను, 53 కంటే ముందు ఏముందో చూద్దామని. మూడో వచనం: "మీరు ఊరకయే అమ్మబడితిరి గదా, రూకలియ్యకయే మీరు విమోచింపబడెదరు." కొంగ గారూ, రూకలు లేకుండానే అట! మీ మామయ్యగారికి చూపించండి.

హెబ్రీ_విద్యార్థి
అసలు చోటికి వచ్చారు. హెబ్రీలో విమోచకుడికి గోయేల్ అని పేరు. దగ్గరి చుట్టం అని. లేవీయకాండం 25 ప్రకారం పేదరికం వల్ల ఒకడు భూమి అమ్ముకుంటే, లేదా తననే అమ్ముకుంటే, దగ్గరి చుట్టం వచ్చి విడిపించాలి. అక్కడ డబ్బు ఇచ్చే మాట నిజమే. కానీ నిర్గమకాండం ఆరులో దేవుడు ఇశ్రాయేలును "విడిపించెదను" అన్నదీ అదే క్రియ. వాళ్లను బానిసలుగా పెట్టుకున్న ఐగుప్తు రాజు ఫరోకు దమ్మిడీ ముట్టలేదు. అంటే ఆ మాటలో మొదటి బరువు చుట్టరికానిది, తర్వాతే సొమ్ముది.

దస్తావేజు_లేఖరి
రూతు నాలుగో అధ్యాయం మా వాళ్లంతా చదవాలి. ఇంకా దగ్గరి చుట్టం ఒకడు ఉంటాడు, పొలం వరకు సరే అంటాడు, వితంతువు రూతును కూడా చేసుకోవాలనేసరికి నా స్వాస్థ్యం (వారసత్వపు ఆస్తి) పాడవుతుందని తప్పుకుంటాడు. అప్పుడు బోయజు ముందుకు వస్తాడు. ఊరి గవిని (ద్వారం) దగ్గర పదిమంది పెద్దల సాక్ష్యం. చెప్పు విప్పి ఇస్తే రిజిస్ట్రేషన్ పూర్తి. స్టాంపు రుసుం లేదు, సర్వరు పని చేయడం లేదన్న మాట లేదు.

నాస్తిక_నంది
చుట్టరికం బాగుంది. కానీ పేతురు పత్రికలో వెండి బంగారాలతో కాదు, అమూల్యమైన రక్తంతో అని ఉందిగా. మళ్లీ ఖర్చు వచ్చింది.

దస్తావేజు_లేఖరి
ఖర్చు లేదని ఎవరన్నారు? ఖర్చయింది. జమ అయిన ఖాతా కోసం వెతకడమే పొరపాటు అంటున్నాను.

గుణదల_మెట్లు
కొంగ గారూ, మీ అసలు మాట పక్కన పడిపోయింది. "చెయ్యి విడిచితివి". ఒకటి చెబుతాను. ఆరేళ్లప్పుడు ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లలో నాన్న చెయ్యి జారిపోయింది. కొండ మెట్ల దగ్గర చుట్టూ నడుములే కనబడుతున్నాయి, ఒక్క ముఖం లేదు. పది నిమిషాలు ఉంటుందేమో. నాన్న నా కోసం వెతుకుతున్నాడన్నది ఆ పది నిమిషాల్లో నాకు తెలియదు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ నడుములే కనబడతాయి.

హెబ్రీ_విద్యార్థి
మెట్లు గారూ, తెలుగు బైబిలులో ఒక విచిత్రం ఉంది. యేసు ఎత్తుకున్నది 22వ కీర్తన మొదటి వచనం. కీర్తనలో "ఏల విడనాడితివి" అని ఉంది. మత్తయి, మార్కులలో అదే "చెయ్యి విడిచితివి" అయింది. గ్రీకులో చెయ్యి లేదు, హెబ్రీలోనూ లేదు. సిలువ దగ్గరికి వచ్చేసరికి తెలుగువాడే ఆ చేతిని చేర్చాడు. ఆ కీర్తన ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తుంది కాబట్టి యేసు మనసులో చివర కూడా ఉందని కొందరంటారు. నాకు అంత తొందరగా చివరికి పరుగెత్తాలని లేదు.

కొల్లేటి_కొంగ
ఆరాధన అయింది. పది నిమిషాలు అన్నారు, పదిహేడు మాట్లాడాను, ఐదో మాట ఆయన గడియారం చూపిస్తూనే ఉన్నాడు. "దప్పిగొనుచున్నాను" ఆయనది, నిజంగానే దాహం వేసి ఉంటుంది.

కట్లు విప్పుకునే మెస్సీయ కథ, వేపచెట్టు గారి నాయనమ్మ వేలు, తిరునాళ్లలో జారిన చెయ్యి, మూడూ చెప్పాను, పేర్లు లేకుండా. పాలమూరు అక్క అమ్మగారి మాట చెప్పలేదు, కానీ వచనం బానిసలకు రాసిందని చెప్పాను. వెనక వరుసలో ఒకావిడ అది రాసుకోవడం చూశాను.

ఇక మామయ్య. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నా ఫీజు కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టింది. ఏడాది దాటినా విడిపించలేకపోయింది. చివరికి మామయ్యే తన బండి అమ్మి వడ్డీతో కట్టి విడిపించి, పొట్లం కట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నాలుగేళ్లు సైకిలు మీదే పనికి వెళ్లాడు. ఆరాధన అయ్యాక గుడి బయట అదే అడిగాను: "మామయ్యా, ఆ డబ్బు ఎవరికి ముట్టిందో అమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగిందా? ఎవరు తెచ్చారన్నదే కదా చెప్పుకుంటుంది?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయినా ముట్టింది కదే, రసీదు నా దగ్గరే ఉంది" అన్నాడు. సాయంత్రం పెట్టె వెతికి తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు కూడా. ఇన్నేళ్లు ఎందుకు దాచాడో అడగలేదు.

దస్తావేజు_లేఖరి
ముట్టినట్టు సంతకం ఉందా, చూడమనండి. పాత తాకట్టు రసీదుల్లో చాలావాటికి ఉండదు.